ప్రార్థన గదిలో ఊపిరి లెక్క

మా ఇంట్లో ఎవరైనా దయ్యాల మాట ఎత్తితే, నేను లేచి వెళ్ళి చెత్త సంచీ బయట పడేసి వచ్చే రకం. వాదించే ఓపిక కూడా ఉండేది కాదు. మా అమ్మ వైపు వాళ్ళంతా తెనాలి దగ్గర చర్చి మనుషులు. దేవుడి గురించి ఎంత నమ్మకంగా చెబుతారో, పోయిన మేనత్త వంటింటి గుమ్మంలో నిలబడిందని కూడా అంతే నమ్మకంగా చెబుతారు. నాకు రెండూ ఎక్కేవి కావు.

కొలిచి చూడగలిగిన దాన్నే నేను నమ్ముతాను. ఇప్పుడు చెప్పబోయేది కూడా నేను కొలిచిందే. నా బాధంతా అక్కడే ఉంది.

మేము ఉండేది అమెరికాలో, డాలస్ పక్కనున్న ఇర్వింగ్‌లో. నేను లాస్ కోలినాస్‌లో ఒక ఆఫీసులో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తాను. నా భార్య కరుణ ఒక మందుల షాపులో పని చేస్తుంది. ఆదివారం తెలుగు చర్చికి వెళ్తాం. వెళ్తాం అంటే, కరుణ వెళ్తుంది, నేను డ్రైవ్ చేస్తాను.

చర్చి అంటే గోపురం, గంట ఊహించుకోకండి. హైవే పక్కన షాపుల వరసలో రెండు గదులు అద్దెకి తీసుకున్నారు. ఒక పక్క ఇండియన్ కిరాణా కొట్టు. రెండో పక్క ఒక టాక్స్ ఆఫీసు ఉండేది, అది ఎప్పుడో ఖాళీ అయిపోయింది. పెద్ద గదిలో ఆరాధన జరుగుతుంది. దాని వెనక, కిటికీ లేని చిన్న గది ఒకటుంది. అది ప్రేయర్ రూమ్.

ఆ రూమ్‌లో కూర్చున్న ప్రతివాళ్ళూ తూగేవాళ్ళు. బయటికి వచ్చి తల పట్టుకునేవాళ్ళు. మా పాస్టర్ గారు వారమంతా సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసి ఆదివారం వాక్యం చెబుతారు, మంచి మనిషే. ఆయన ఒకసారి, "ప్రార్థనలో కూర్చోగానే నిద్ర ముంచుకొస్తోందంటే అది శత్రువు పని బ్రదర్" అన్నారు. శత్రువు అంటే సాతాను. నాకు ఒళ్ళు మండింది. అది సాతాను కాదు, ఆ గదిలోకి కొత్త గాలి రావట్లేదు, అంతే.

నాకు తీరిక దొరికితే చిన్న చిన్న బోర్డులకి వైర్లు టంకం పెట్టుకుంటూ కూర్చునే అలవాటుంది. మా డైనింగ్ టేబుల్ సగం నా సామానే. కార్బన్ డయాక్సైడ్ కొలిచే సెన్సార్ ఒకటి కొని, చిన్న తెర తగిలించి, వైఫైకి కలిపి ఆ గది గోడకి అంటించాను. అగ్గిపెట్టెకంటే చిన్నది. లోపల ఒక చివర ఇన్‌ఫ్రారెడ్ దీపం, రెండో చివర దాని వెలుగుని అందుకునే కన్ను. మధ్యలో గది గాలి. మనం వదిలే ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్ ఆ వెలుగుని మింగేస్తుంది. వెలుగు ఎంత తగ్గితే గదిలో అంత ఊపిరి ఉన్నట్టు.

బయటి గాలిలో అది నాలుగు వందల చిల్లర చూపిస్తుంది. ఆ గదిలో తలుపేసుకుని ఒక్క మనిషి కూర్చుంటే గంటలో వెయ్యి దాకా ఎక్కుతుంది. మనిషి వెళ్ళిపోతే మెల్లగా దిగుతుంది. ఆ ఎక్కడం దిగడం అంతా నా ఫోన్లో ఒక యాప్‌లో గీతలాగా కనిపించేది. దాన్ని చూపించి పాస్టర్ గారి చేత ఆ సాతాను మాట వెనక్కి తీయించి, బిల్డింగ్ ఓనర్ చేత ఏసీ బాగు చేయించాలన్నది నా ఆశ. ఓనర్ ఇప్పటికీ బాగు చేయించలేదు.

ఇక్కడ సువార్తమ్మ ఆంటీ గురించి చెప్పాలి. నరసాపురం మనిషి. కూతురు విమల దగ్గర ఉండేది. వాళ్ళ అపార్ట్‌మెంట్ చర్చి పార్కింగ్ లాట్‌కి ఎదురుగానే. ఈ ఊళ్ళో పాలప్యాకెట్టుకి కూడా కారెక్కాలి కదా, మా చర్చిలో నడిచి వచ్చేది ఆవిడ ఒక్కతే.

మా వాళ్ళకి చైన్ ప్రేయర్ అని ఒక పద్ధతి ఉంది. ఎవరికైనా పెద్ద కష్టం వస్తే రోజుని గంటలుగా పంచుకుంటారు. ఒకరు లేస్తే ఇంకొకరు కూర్చుంటారు. పని రోజుల్లో మధ్యాహ్నం రెండింటికి ఎవరు వస్తారు? అందరూ ఆఫీసుల్లో ఉంటారు. ఆ గంట ఎప్పుడూ సువార్తమ్మ ఆంటీదే. కష్టం ఎవరికీ లేని రోజుల్లో కూడా వచ్చి కూర్చునేది. "కుర్చీ చల్లారకూడదబ్బాయ్" అనేది. కారులో కూర్చుని ప్రార్థన చేశామనే వాళ్ళంటే ఆవిడకి అసలు పడేది కాదు.

ఆ గదిలో లైటు మనిషి కదిలితే వెలుగుతుంది, కదలకపోతే ఆరిపోతుంది. అందరం చెయ్యి ఊపి వెలిగించుకునేవాళ్ళం. ఆవిడ ఊపేది కాదు. చీకట్లోనే కూర్చునేది.

ఆవిడ గంట ఎలా ఉంటుందో నాకు గీతలో బాగా తెలుసు. అరగంట దాకా ఎక్కుతుంది, ఉన్నట్టుండి కొంచెం దిగుతుంది, మళ్ళీ ఎక్కుతుంది. ఒక ఆదివారం ఊరికే ఆటపట్టించాను. "ఆంటీ, రోజూ ప్రార్థన మధ్యలో తలుపు తీసి ఎటో వెళ్తున్నారు, నాకన్నీ తెలుస్తున్నాయి" అన్నాను.

"ఓరి నీ తెలివి బంగారం గానూ! నా ఊపిరి లెక్కెడతన్నావా ఏంటబ్బాయ్?" అని పడీపడీ నవ్వింది.

పోయిన ఈస్టర్ అయిన కొద్ది రోజులకి ఆవిడ నిద్రలోనే పోయింది. కరుణ చాలా ఏడ్చింది. ఆ తర్వాత మధ్యాహ్నం రెండింటి దగ్గర గీత చదునైపోయింది. నేను మెల్లగా ఆ యాప్ తెరవడమే మానేశాను.

చలికాలం మొదట్లో కరుణకి ఫ్లూ వచ్చింది. అదే తగ్గుతుందిలే అనుకున్నాం. ఊపిరితిత్తుల్లోకి దిగింది. తను హాస్పిటల్ లోపలికి నడిచే వెళ్ళింది. వెళ్ళిన మర్నాడే నోట్లో గొట్టం వేసి వెంటిలేటర్ పెట్టారు.

ఆ రోజుల గురించి వివరంగా చెప్పే శక్తి నాకు లేదు. లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని ఐసీయూ బయట కుర్చీలో పని చేసేవాడిని. ఇంటికి వెళ్ళి స్నానం చేసి మళ్ళీ వచ్చేవాడిని. ఇంట్లో సింకులో కరుణ తాగిన కాఫీ కప్పు అలాగే ఉండేది. కడగడానికి చెయ్యి వచ్చేది కాదు.

గొట్టానికి ఒక చిన్న ముక్క తగిలించి ఉంచారు. ప్రతి ఊపిరికీ మానిటర్ మీద ఒక పసుపు గీత లేచి దిగేది. అక్కడ పనిచేసే అతను అదేమిటో చెప్పబోయాడు. ఇన్‌ఫ్రారెడ్ దీపం, కార్బన్ డయాక్సైడ్ అన్నాడు. నాకు తెలుసు అన్నాను. చర్చి గదిలో గోడకి నేను అంటించిందీ, మా ఆవిడ గొట్టానికి తగిలించిందీ ఒకే జాతి వస్తువులు. ఒకసారి మిషన్ ఆపి చూశారు. కరుణ నిలదొక్కుకోలేకపోయింది. మళ్ళీ పెట్టేశారు. ఇంకోసారి ప్రయత్నిస్తాం, కానీ ఏం చెప్పలేం అన్నారు డాక్టరు.

చర్చిలో కరుణ కోసం చైన్ ప్రేయర్ పెట్టారు. వాట్సాప్ గ్రూప్ దండాల బొమ్మలతో నిండిపోయింది. "ప్రేయింగ్ బ్రదర్", "విత్ యూ బ్రదర్". గంటలన్నీ నిండాయి, మధ్యాహ్నం రెండు తప్ప. ఆ గంటకి ఎవరి పేరూ లేదు. సువార్తమ్మ ఆంటీ గంట కదా, అలవాటుగా ఎవరూ ముట్టుకోలేదు.

ఐసీయూ బయట కూర్చుని, ఏం తోచక, చాలా నెలల తర్వాత ఆ యాప్ తెరిచాను. గదిలో ఎవరూ లేరు. పొద్దున స్లాట్, చదును. సాయంత్రం స్లాట్, చదును. ఒకరో ఇద్దరో నిజంగా వచ్చినట్టున్నారు, మిగతా వాళ్ళంతా కార్లలోంచీ సోఫాల్లోంచీ కానిచ్చేస్తున్నారు. నాకు ప్రార్థన మీద నమ్మకం లేదన్నాను కదా? అయినా కోపం ఆగలేదు. చేస్తామన్న వాళ్ళు చేయాలా వద్దా? వాళ్ళకీ పిల్లలున్నారు, హైవే ట్రాఫిక్ ఉంది, ఇప్పుడు ఆలోచిస్తే అర్థమవుతుంది. అప్పుడు మాత్రం అందరినీ నోటికొచ్చినట్టు తిట్టుకున్నాను.

తిట్టుకుంటూనే కిందికి జరిపి చూశాను. మధ్యాహ్నం రెండింటి దగ్గర గీత లేచి ఉంది.

ముందు రోజు చూశాను. లేచి ఉంది. దాని ముందు రోజూ అంతే. ఎవరూ పేరివ్వని గంటలో ఒక మనిషి వచ్చి, తలుపేసుకుని, చివరిదాకా కూర్చుని వెళ్తోంది. ఎవరో ఒక మంచి తల్లి అనుకున్నాను. కరుణ బాగైతే వాళ్ళింటికి బిర్యానీ మోసుకెళ్ళాలనుకున్నాను. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

రెండింటికి వస్తున్నది ఎవరండీ అని గ్రూప్‌లో అడిగాను. ఇద్దరు ముగ్గురు దండం బొమ్మ పెట్టారు. విడిగా ఫోన్ చేస్తే, మేము కాదన్నారు. ఇంకెవరో అనుకున్నాం అన్నారు. పాస్టర్ గారు ఆ టైమ్‌లో తాను ఆఫీసు మీటింగ్‌లో ఉంటానన్నారు. చర్చి తాళం ఇంకొకటి విమల దగ్గర ఉంది. ఆమే అయ్యుంటుందనుకున్నాను.

విమల ఒక సాయంత్రం హాస్పిటల్‌కి అన్నం డబ్బా తెచ్చింది. అడిగాను. "నేనా? అమ్మ పోయాక ఆ రూమ్‌లో అడుగు పెట్టలేదన్నయ్యా. ఆ డోర్ చూస్తేనే ఏడుపొచ్చేస్తుంది" అంది.

ఫోన్ తీసి గీత చూపించాను. కాసేపు చూసి, "మధ్యలో ఈ గుంట ఏంటి?" అని అడిగింది. ఎవరో తలుపు తీసి ఉంటారన్నాను.

విమల ఆ గుంట మీద వేలు పెట్టింది. "అమ్మకి మోకాళ్ళు పట్టేసేవి. సగంలో లేచి పెద్ద హాల్లో రెండు రౌండ్లు నడిచి మళ్ళీ వెళ్ళి కూర్చునేది. చైన్ తెగిపోయిందంటారని ఎవరికీ చెప్పొద్దనేది" అంది. డబ్బా అక్కడే మర్చిపోయి వెళ్ళిపోయింది.

నేను భయపడలేదు. నిజం చెప్పాలంటే భయపడే ఓపిక లేదు. సెన్సార్ చెడిపోయింది అనుకున్నాను. వీటికి ఒక గుణం ఉంది. కొద్ది రోజులుగా తాను చూసిన అతి తక్కువ రీడింగే బయటి గాలి అనుకుని, తన లెక్కని తానే దిద్దుకుంటుంది. ఎప్పుడూ మనుషులుండే గదిలో పెడితే వాళ్ళ ఊపిరినే మామూలు గాలి అనుకుని మెల్లగా మర్చిపోతుంది. చైన్ ప్రేయర్లు జరిగే గది కాబట్టి మొదట్లోనే ఆ దిద్దుకునే గుణాన్ని ఆపేశాను. చూస్తే ఇప్పటికీ ఆపే ఉంది. అయినా ఆ గుణం వల్ల రీడింగ్ మొత్తంగా పైకో కిందికో జరుగుతుందే గానీ, రోజూ ఒకే గంటలో లేచి దిగదు.

మర్నాడు మధ్యాహ్నం ఇంట్లో ఉన్న, అలాంటిదే ఇంకో సెన్సార్ జేబులో వేసుకుని చర్చికి వెళ్ళాను. పార్కింగ్ లాట్‌లో ఎవరి కారూ లేదు. పాస్టర్ గారిచ్చిన తాళంచెవితో తీసి లోపలికి వెళ్ళాను. పెద్ద గదిలో కుర్చీలు, మూల కీబోర్డు మీద కప్పిన దుప్పటి, నిన్నటి కాఫీ వాసన. ప్రేయర్ రూమ్ తలుపుకి అద్దం ఉంది. లోపల చీకటి. లైటు వెలగలేదంటే లోపల కదిలే మనిషి లేనట్టు. చీకట్లో గోడ మీది నా సెన్సార్ తెర ఒక్కటే మెరుస్తోంది.

రెండు దాటింది. ఆ అంకె ఎక్కడం మొదలుపెట్టింది.

అద్దానికి దూరంగా నిలబడే చూశాను, నా ఊపిరి కలవకూడదని. మూసిన తలుపు వెనక, ఖాళీ గదిలో, చీకట్లో అంకె ఒక మనిషి కూర్చున్నట్టే ఎక్కుతోంది. కాసేపటికి తలుపు తీశాను. లైటు వెలిగింది. ఎవరూ లేరు. ఆంటీ కుర్చీ, దాని మీద ఆవిడ పూల దిండు. చెయ్యి పెట్టి చూశాను. చల్లగా ఉంది. గాలి మాత్రం చల్లగా లేదు. ఎవరో చాలాసేపు కూర్చున్న గది ఎలా ఉంటుందో అలా ఉక్కగా ఉంది. జేబులో సెన్సార్ తీసి పెడితే అదీ దాదాపు అదే అంకె చూపించింది.

వచ్చిన చిక్కేమిటంటే, లోపలికి అడుగు పెట్టాక నేను కూడా ఊపిరి పీలుస్తాను. ఇక ఏ అంకె ఎవరిదో చెప్పలేను. నాకు నవ్వొచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది. తలుపేసి, ఆంటీ కుర్చీ పక్కన ఇంకో కుర్చీ లాక్కుని కూర్చున్నాను. నాకు ప్రార్థన రాదు. "కరుణని తీసుకుపోకండి" అన్నాను పైకే. ఎవరితో అన్నానో నాకే తెలీదు. తను లేకుండా ఆ ఇంట్లో ఆ కాఫీ కప్పు కడగలేను అని కూడా అన్నాను. పిచ్చి మాటలు. చాలా రోజుల తర్వాత ఏడుస్తూ ఏడుస్తూ అక్కడే కునుకు పట్టేసింది.

మెలకువ వచ్చేసరికి లైటు ఆరిపోయి ఉంది. తలుపు నేను వేసినట్టే మూసి ఉంది. గంట అయిపోయింది. హాస్పిటల్‌కి వెళ్ళిపోయాను.

సాయంత్రం ఐసీయూ బయట ఫోన్ తెరిచి చూశాను. ఆ గదిలో ఒక మనిషి కూర్చుంటే గీత ఎంత నిటారుగా లేస్తుందో నాకు కంఠతా వచ్చు. ఆ రోజు దానికి రెట్టింపు నిటారుగా లేచింది. రెండు సెన్సార్లూ అదే చెప్పాయి. నేను లోపలికి వచ్చినప్పుడు పడ్డది కాక, ఆ తర్వాత గంట సగంలో ఇంకో గుంట ఉంది. తలుపు తీస్తే పడే గుంట. అప్పుడు నేను తలుపు తీయలేదు. నిద్రపోతున్నాను.

నాకు తోచిన పరీక్షలన్నీ చేశాను. ఏడిస్తే ఎక్కువ ఊపిరి వదులుతాం కదా అనుకుని, తర్వాత ఒక రోజు పొద్దున్నే పార్కింగ్ లాట్ చుట్టూ పరిగెత్తి, రొప్పుతూ వచ్చి అదే కుర్చీలో కూర్చున్నాను. గీత కొంచెం ఎక్కువ లేచింది, రెట్టింపు మాత్రం కాలేదు. పక్క టాక్స్ ఆఫీసు నుంచి గాలి వస్తోందేమో అనుకున్నాను. అది ఖాళీ, ఏసీ గొట్టాలు కూడా వేరే. మండి ఈ వాయువుని వదిలే గ్యాస్ హీటర్ ఆ బిల్డింగ్‌లోనే లేదు. రెట్టింపు వచ్చిన రోజు రీడింగుల్ని, ఈ పని తెలిసిన ఒకతనికి పంపాను, పేర్లూ ఊరూ చెప్పకుండా. "టూ పీపుల్ ఇన్ అ స్మాల్ రూమ్, ఒకళ్ళు మధ్యలో బయటికి వెళ్ళొచ్చారు, వాట్స్ ద ప్రాబ్లం?" అని జవాబిచ్చాడు.

రెండోసారి మిషన్ ఆపినప్పుడు కరుణ నిలబడింది. గొట్టం తీసేశారు. గొంతు రాక, నా చెయ్యి పట్టుకుని గీరుతూ ఉండిపోయింది. నేను మానిటర్ వైపు చూస్తే పసుపు గీత లేదు. ఇక దాని అవసరం లేదని తీసేశారట. ఆ గీత లేని తెర చూసి కలిగినంత సంతోషం నా జీవితంలో ఎప్పుడూ కలగలేదు.

ఇంటికి వచ్చాక, కప్పు కరుణే కడుక్కుంది. ఎన్ని రోజులు పెట్టావిలా అని తిట్టింది కూడా. కొన్నాళ్ళకి గుర్తొచ్చి యాప్ తెరిచాను. మధ్యాహ్నం రెండింటి దగ్గర గీత చదునుగా ఉంది. వెనక్కి వెళ్ళి చూస్తే, కరుణ డిశ్చార్జ్ అయిన రోజు లేచిందే ఆఖరు.

కరుణకి ఇప్పటికీ మెట్లెక్కితే ఆయాసం వస్తుంది. అంతా చెప్పాను. తను ఆశ్చర్యపోలేదు. "ఆంటీ కాకపోతే ఇంకెవరు వస్తారు?" అని అన్నం వడ్డించింది. నాకు అంత సులువుగా మింగుడు పడదు. సెన్సార్ తప్పా? రెండూ ఒకేలా తప్పాయా? అలిసిపోయి ఉన్నాను, నిజమే. కానీ అలిసిపోయింది నేను, సెన్సార్లు కాదు. ఏమని చెప్పాలో నాకు ఇప్పటికీ తెలీదు.

వారంలో ఒక రోజు ఇంటి నుంచి పని చేస్తాను. ఆ రోజు లంచ్ లేటుగా పెట్టుకుని రెండింటికి వెళ్ళి ఆ గదిలో కూర్చుంటున్నాను. ప్రార్థన అనను. కూర్చుంటాను, అంతే. లైటు ఆరిపోతే చెయ్యి ఊపను. సాయంత్రం ఇంటికొచ్చి ఫోన్ తీసి గీత చూసుకుంటాను.

అవును ఆంటీ, లెక్కపెడుతూనే ఉన్నాను. ఒక్కడి ఊపిరే వస్తోంది.